రిలీవర్ వచ్చేదాకా

కాలికి బలపం కట్టుకుని తిరిగేవాళ్ళకి భిలాయిలో దొరికే ఉద్యోగం ఒకటుంది. దాన్ని రీసెర్చ్ అంటారు. ఆలోచించేది ప్రొఫెసర్లు, తిరిగేది నేను. చేతిలో ట్యాబ్, మెడలో ఫోటో అతికించిన కార్డు, కింద స్కూటీ. స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్‌లో సెక్టార్లన్నీ నాకు వీధి నంబర్లతో సహా వచ్చు. ఏ గేటు లాగితే తెరుచుకుంటుందో, ఏది తొయ్యాలో కూడా వచ్చు.

మొదట డిజిటల్ టెక్నాలజీ మీద పరిశోధన అన్నారు. రిటైరైనవాళ్ళు ఫోన్లో ఏమేం చెయ్యగలరో అడిగి నింపుకొచ్చాను. మనవలకి గుడ్ మార్నింగ్ పువ్వులు పంపడం తప్ప మిగతావన్నీ కష్టమేనని తేలింది. తర్వాత టూరిజం అన్నారు. పోయిన ఏడాది విహారయాత్రకి ఎక్కడికి వెళ్ళారన్నది అందులో ఒక ప్రశ్న. రిటైరైన ఫోర్‌మన్ గారొకాయన చాలాసేపు ఆలోచించి, విజయనగరంలో మేనల్లుడి పెళ్ళికి వెళ్ళామనీ, ఎలాగూ అటు వెళ్ళాం కదా అని సింహాచలం చూసొచ్చామనీ చెప్పారు. ట్యాబ్‌లో మేనల్లుడి పెళ్ళికి గడి లేదు. తీర్థయాత్ర అని నొక్కేశాను. ఆ తర్వాత బిజినెస్ మేనేజ్‌మెంట్ వచ్చింది. ఇంట్లో పచ్చళ్ళూ పొడులూ చేసి అమ్మే ఆడవాళ్ళని మీ మార్కెటింగ్ వ్యూహమేమిటని అడగాలి. ఆ ప్రశ్న అడిగినప్పుడల్లా నాకే నవ్వొచ్చేది. ఒకావిడ అయితే వ్యూహం సంగతి తర్వాత, ముందు ఈ ఆవకాయ రుచి చూడమని నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

పరిశోధనల పేర్లు మారాయి గానీ నేను కొట్టే తలుపులు మారలేదు. ఇంటర్వ్యూ తెలుగులో చెయ్యగలనని తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ నాకే వేస్తారు. ఇక్కడ పుట్టిన మావాళ్ళలో చాలామందికి తెలుగు కన్నా హిందీయే దగ్గర. మాట తడుముకోకుండా తెలుగు మాట్లాడితే పెద్దవాళ్ళు లోపలికి రమ్మంటారు. వంటింటి దాకా రానిస్తారు.

నిజం చెప్పాలంటే నాకు కావలసింది ఉద్యోగం కాదు, బయటికి పోవడానికి ఒక వంక. దుర్గ్‌లో మా అత్తవారింట్లో మధ్యాహ్నం పూట ఊరికే కూర్చోమంటే నాకు పిచ్చెక్కుతుంది. టీవీ చూస్తూ చూస్తూ లేచి వెళ్ళి కుళాయి కట్టి ఉందో లేదో చూసొస్తాను. మళ్ళీ లేచి గ్యాస్ చూసొస్తాను. మా అత్తగారు మంచిది కాబట్టి, వెళ్ళి నీ సర్వే చేసుకో తల్లీ, నా కళ్ళు తిరుగుతున్నాయి అంటుంది.

ఈసారి వచ్చింది సోషల్ కేర్. ఒంటరిగా ఉండే వృద్ధుల ఇళ్ళలో చిన్న చిన్న తెల్ల డబ్బాలు బిగించాలి. ఒకటి వంటింట్లో, ఒకటి పడగ్గదిలో, ఒకటి వీధి తలుపు మీద. కెమెరా లేదు, మాటలు వినదు. మనిషి ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడుకుంది, వంటింట్లోకి ఎన్నిసార్లు వెళ్ళిందన్నది మాత్రం పసిగడుతుంది. రోజులన్నీ ఒక తీరుగా ఉంటే ఆ ఇంటికి ఆకుపచ్చ చుక్క. తీరు తప్పితే ఎరుపు చుక్క పడి, దూరంగా ఉన్న కొడుక్కో కూతురికో ఫోన్లో కబురు వెళుతుంది. ఆలోచన మంచిదే. నాకూ నచ్చింది.

చివర్లో ఒక ఇల్లు తగ్గింది. ఒప్పుకున్నాయన మనవరాలి దగ్గరికి బిలాస్‌పూర్ వెళ్ళిపోయాడు. సూపర్‌వైజర్ తొందరపెడుతుంటే, ఎవరినో బతిమాలడమెందుకని ఆ డబ్బాలు తీసుకెళ్ళి రుఆబాంధాలో మా అమ్మ ఇంట్లో బిగించేశాను. నాన్న పోయాక అమ్మ అక్కడ ఒక్కతే ఉంటుంది. కబురు వెళ్ళాల్సిన నంబరు దగ్గర హైదరాబాద్‌లో బ్యాంకు ఆఫీసరుగా ఉన్న అన్నయ్యది వేశాను. అమ్మ బాగోగులు తనకీ తెలిసినట్టుంటుందని నా ఉద్దేశం. పుణ్యానికి పోతే పాపం ఎదురైంది.

అమ్మ ఇంటికి మొదటి వారం బాగానే పచ్చ చుక్క పడింది. వారం మారగానే పసుపు. ఆ పై వారం ఎరుపు, అలాంటిలాంటి ఎరుపు కాదు. అన్నయ్య ఫోన్ చేసి, అమ్మ రాత్రంతా మేలుకుని వంటింట్లో తిరుగుతోందనీ, పగలంతా పడుకుంటోందనీ, ఇది మతిమరుపు జబ్బుకి మొదటి లక్షణమని ఎక్కడో చదివాననీ చెప్పాడు. పక్కన ఉండి నువ్వేం చేస్తున్నావని అడిగాడు. పక్కన అంటే దుర్గ్ నుంచి స్కూటీ మీద వెళ్ళాలి. వెళుతూనే ఉన్నాను. వెళ్ళిన ప్రతిసారీ అమ్మ చక్కగా మాట్లాడింది, నాకు కూర డబ్బాలో పెట్టిచ్చింది.

నాకు కారణం తెలుసనుకున్నాను. నాన్న ప్లాంట్‌లో బొగ్గు కాల్చి కోక్ చేసే కోక్ ఓవెన్స్‌లో పనిచేసేవారు. మా ఇంట్లో వారాలకి సోమ మంగళలు లేవు. ఎ షిఫ్ట్ వారం, బి షిఫ్ట్ వారం, సి షిఫ్ట్ వారం, అంతే. ఎ అంటే తెల్లవారకముందే అమ్మ క్యారియర్ సర్దేది. బి అంటే మధ్యాహ్నం వెళ్ళి రాత్రి పదింటికి దిగడం. సి అంటే రాత్రంతా డ్యూటీ, పగలంతా నాన్న నిద్ర. సి షిఫ్ట్ వారంలో పిల్లలం మాకు గొంతు ఉండేది కాదు. అమ్మ కుక్కర్ కూత పెట్టబోయే ముందు గబుక్కున కట్టేసేది. కిటికీకి దుప్పటి వేలాడేది. దుప్పటి కనిపిస్తే కూరగాయల బండివాడు కూడా ఆ వాకిలి ముందు అరవకుండా తోసుకుపోయేవాడు. ఆడుకోవాలంటే పక్క వీధికి పోవాలి. పక్క వీధిలోనూ ఎవరో ఒకరు సి షిఫ్ట్ నాన్న ఉండేవాడు, వాళ్ళ పిల్లలు మా వీధికొచ్చేవాళ్ళు.

అమ్మకి ఆ షిఫ్టుల అలవాటు ఇంకా పోలేదని నాకు అర్థమైంది. ఒక మధ్యాహ్నం వెళితే కిటికీకి దుప్పటి కట్టి ఉంది. నాన్న లేరు, షిఫ్ట్ మాత్రం ఉండిపోయింది అనుకున్నాను. గట్టిగా అడిగితే బాధపడుతుందని మెత్తగానే అడిగాను. నిద్ర పట్టదే, వయసు కదా అని తేల్చేసింది. ఎక్కడో ఊళ్ళో ఉండే మా ప్రొఫెసర్‌కి వీడియో కాల్‌లో ఈ సంగతి చెప్పాను. ఈ చుక్క జబ్బు కాదు సార్, దుఃఖం అన్నాను. భర్త పోయినా భర్త షిఫ్ట్ కాపాడుకుంటున్న భార్య అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మర్నాటికల్లా అది ఆయన ప్రెజెంటేషన్‌లో ఒక స్లైడ్ అయింది. నాకు గర్వంగానే ఉంది, ఎందుకు దాచడం.

అన్నయ్యకి మాత్రం దుఃఖమని చెప్పినా ఒకటే, జబ్బని చెప్పినా ఒకటే. రెంటికీ డాక్టరే అన్నాడు. అమ్మని శాశ్వతంగా తీసుకెళ్ళిపోతాననీ, గది సిద్ధం చేయించాననీ, ఇద్దరికీ తిరుగు టికెట్లు కొన్నాననీ చెప్పి బయలుదేరాడు. అప్పట్నుంచి నాకు కాలు నిలవలేదు. అమ్మ వెళ్ళిపోతే రుఆబాంధా నాకు ఇంకో సర్వే వీధి అయిపోతుంది. నేను ఎంత తిరిగినా, తిరిగి తిరిగి ఆగే చోటు ఆ ఇల్లొకటే. ఆ మాట అన్నయ్యకి ఎలా చెప్పడం? నా కోసం అమ్మని అక్కడ ఒంటరిగా ఉంచమనడానికి నోరెలా వస్తుంది?

అతను వచ్చింది సి షిఫ్ట్ వారం మధ్యాహ్నం. నేను అప్పటికే అక్కడున్నాను. ఆటో గేటు దాకా వస్తుంటే దూరంగానే ఆపించి, దిగి నడిచొచ్చాడు. కిటికీకి దుప్పటి చూశాడు. మెట్టు మీదే బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు. గడియ చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి తలుపు వేశాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, పొట్ట వచ్చిన మనిషి, మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఏం చేస్తున్నాడో అతనికే తెలీదు.

ఇద్దరం గుసగుసగా దెబ్బలాడుకున్నాం. కోపమొస్తే మేమిద్దరం హిందీలోకి దిగుతాం. అతను డాక్టర్ అపాయింట్‌మెంట్ అన్నాడు, నేను ఆవిడని అడిగావా అన్నాను. నిద్ర మాత్ర వేస్తే అన్నీ సర్దుకుంటాయన్నాడు. నీకు సర్దుకోవాల్సింది అమ్మా, నీ ఫోన్లో చుక్కా అన్నాను. ఆ చుక్క పెట్టింది నువ్వే కదా అన్నాడు. ఇంత గొడవా ఫ్యాన్ చప్పుడు కన్నా తక్కువ గొంతులో జరిగింది.

అయినా అమ్మ లేచింది. గది గుమ్మంలో నిలబడి జుట్టు ముడి వేసుకుంటూ మమ్మల్నిద్దర్నీ చూసింది.

"లారీ పోయినా నిద్రపోతాను గానీ, గుసగుసలాడితే ఎలగ పడతాది? వచ్చీసినావేటి నాన్నా, తిన్నావా?" అంది.

టీ పెట్టింది. టీ చేతికిచ్చాక అన్నయ్య నెమ్మదిగా అంతా చెప్పాడు. గది, డాక్టరు, శుక్రవారం రైలు. అమ్మ వింది. శుక్రవారం అవదంది. ఈ వారం తనది సి షిఫ్ట్ అని, ఇంట్లో పాలు లేవని చెప్పినంత మామూలుగా చెప్పింది.

అన్నయ్య నాకేసి చూశాడు, విన్నావా అన్నట్టు. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. నాన్న లేరు కదమ్మా, ఆయన షిఫ్ట్ నువ్వింకా ఎన్నాళ్ళు మోస్తావు అన్నాను.

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీ నాన్న కోసమేటి? ఆయన ఉన్నప్పుడు చేసినాను, చాల్లేదేటి? ఇది మా డ్యూటీ."

అప్పుడు చెప్పింది. వీళ్ళు నలుగురు. అమ్మ, రిసాలీలో ఉండే, అమ్మ వదినా అని పిలిచే ఆవిడ, సెక్టార్ సెవెన్ అక్క, నందినిలో గనుల కాలనీలో కూతురింటి వెనక గదిలో ఉండే దీదీ. నలుగురి భర్తలూ కోక్ ఓవెన్స్‌లో చేసినవాళ్ళే, ఇప్పుడు నలుగురికీ ఆ తోడు లేదు. కరోనా రోజుల్లో ఒకరి గడప ఒకరు తొక్కే వీలు లేనప్పుడు మొదలుపెట్టారట. వయసు మీద పడ్డవాళ్ళకి ఏదైనా అయితే వేళకాని వేళలోనే అవుతుంది. ఎవరికి ఫోన్ చెయ్యాలి? నిద్రపోతున్నవాళ్ళని లేపడానికి మొహమాటం. అందుకని వేళలు పంచుకున్నారు. ఒకావిడ ఎ, ఒకావిడ బి, ఒకావిడ సి, నాలుగో ఆవిడకి ఆ వారం చుట్టీ, అంటే సెలవు. వారం మారితే షిఫ్ట్ మారుతుంది. ఏ వేళలో చూసినా నలుగురిలో ఒకరు మేలుకుని ఉంటారు. ఎవరికి ఏ నొప్పి వచ్చినా మొహమాటం లేకుండా డ్యూటీలో ఉన్నావిడకి చెయ్యొచ్చు. షిఫ్ట్ మారే వేళకి ఎక్కే మనిషి దిగే మనిషికి ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది. అది రాకుండా దిగకూడదు.

ప్లాంట్‌లో రూల్ అదే. రిలీవర్, అంటే తర్వాతి షిఫ్ట్ మనిషి, వచ్చి నిలబడేదాకా పనిచోటు వదలకూడదు. రిలీవర్ రాకపోతే నాన్న రెండో షిఫ్ట్ కూడా చేసి, డబల్ పడిపోయిందని మసి మొహంతో వచ్చేవారు. అమ్మ అన్నం మళ్ళీ వేడిచేసేది.

ఒక రోజు రిసాలీ వదిన నుంచి రావలసిన మిస్డ్ కాల్ రాలేదట. అమ్మ దిగకుండా కూర్చుని, కింది వాటాలోవాళ్ళకి ఫోన్ చేసి తలుపు తీయించింది. వదిన స్నానాలగదిలో పడి ఉంది. తుంటి ఎముక విరిగింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తోంది, తన షిఫ్ట్ తను చేస్తోంది. అలాగని అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. ఒకసారి సెక్టార్ సెవెన్ అక్క డ్యూటీలో కునుకు తీసింది. నందిని దీదీ ఆయాసంతో ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. కూతురు లేచి చూసింది కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి డ్యూటీలో ఉన్నవాళ్ళు మంచం ఎక్కకూడదు, కుర్చీలోనే ఉండాలి, నిద్ర ఆగకపోతే లేచి ఏదో ఒక పని చేసుకోవాలి. అమ్మ వంటింట్లో తిరిగింది అందుకు. శనగలు కడిగి నానబోసేదట, డబ్బాలు తుడిచేదట. ఆ తెల్ల డబ్బాకి కనిపించిన జబ్బు అది. నాకు కనిపించిన దుఃఖం కూడా అదే.

నాకు కోపమొచ్చింది. ఇన్నాళ్ళూ మాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. ఏదైనా అయితే మాకే చెయ్యొచ్చు కదా అని అన్నయ్య కూడా అన్నాడు.

"మీకు చేస్తే భయపడతారు. భయపడి టికెట్లు కొంటారు," అంది అమ్మ.

అన్నయ్య నవ్వాడు. నవ్వాడు కదా అని నేను ఊపిరి పీల్చుకున్నాను, తొందరపడ్డాను. అతను బ్యాంకు మనిషి. ఏ చిక్కు ముందు పెట్టినా, కూర్చుని ఆలోచిస్తే దారి ఉంటుందని నమ్మే రకం. టీ గ్లాసు కింద పెట్టి, సరే, రిలీవర్ కావాలి, అంతే కదా అన్నాడు. నన్ను చూపించాడు. ఇది ఎలాగూ ఒకచోట కూర్చోదు, నిద్రా తక్కువే, ఆ ముగ్గురికీ దీన్ని చిన్నప్పట్నుంచీ తెలుసు, నీ బదులు ఇది చేస్తుందన్నాడు. అప్పుడు నీ డ్యూటీ ఆగదు, నువ్వు మా దగ్గర హాయిగా ఉండొచ్చన్నాడు.

అమ్మ కొంగుతో గ్లాసు పట్టుకుని టీ వైపే చూస్తూ కూర్చుంది. ఒప్పుకోనంటుందని ఎదురుచూశాను. అనలేదు.

"రిలీవర్ వస్తే దిగాల. అదీ రూలే," అంది. "దానికి ఒప్పుదలైతే వస్తాను."

నా వైపు చూడలేదు. నన్ను బతిమాలలేదు, కళ్ళతో కూడా సైగ చెయ్యలేదు. నిజంగానే నాకు వదిలేసింది.

ఒప్పుకోవాలని నాకు ఎంతగా ఉందో చెప్పలేను. ఇన్నేళ్ళూ ఎవరెవరి తలుపులో కొట్టి, ఎవరికీ అక్కరలేని గడులు నింపుకొచ్చాను. ఇదిగో, నా చేతికి తగ్గ పని ఒకటి దొరికింది. ఆ కుర్చీలో నేను కూర్చోగలను. ఫోన్ పక్కన పెట్టుకుని, ఆ ముగ్గురి కోసం మేలుకుని ఉండగలను. జీవితంలో మొదటిసారి ఒకచోట కుదురుగా కూర్చోవాలని నాకే అనిపించింది. నోటి దాకా వచ్చింది. వచ్చాక, హైదరాబాద్ ఫ్లాట్‌లో అమ్మ కనిపించింది. పదింటికి మాత్ర, ఆరింటికి లేవడం, మధ్యలో ఎవరికీ ఆవిడతో పని లేదు. చుక్క పచ్చగా ఉంటుంది. అన్నయ్య మంచివాడు, అన్నయ్య భార్య మంచిది, గది బాగుంటుంది. అమ్మకి మాత్రం షిఫ్ట్ ఉండదు.

"నాకు కుదరదు," అన్నాను. "అంతసేపు కూర్చోవడం నా వల్ల కాదు."

అన్నయ్య తర్వాత అన్న మాట హిందీలో అనలేదు. వెతుక్కుని వెతుక్కుని తెలుగులోనే అన్నాడు.

"ఊళ్ళో అందరి అమ్మల కోసం తిరుగుతావు. మన అమ్మ కోసం ఒక్క వారమైనా కూర్చోలేవా?"

అమ్మ నన్ను వెనకేసుకురాలేదు. గ్లాసులో మిగిలిన టీ తాగేసి, "అది కుదరదన్నాది, విన్నావు కదా. టికెట్ కేన్సిల్ చేసీ," అంది. రాత్రికి డ్యూటీ ఉంది, ఇంకాస్త పడుకుంటానని లోపలికి వెళ్ళిపోయింది. మేమిద్దరం మళ్ళీ గొంతు తగ్గించాం, అయితే మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు.

డబ్బాలు పాడయ్యాయని చెప్పి తర్వాతి వారం ఊడదీసి పట్టుకెళ్ళాను. ప్రొఫెసర్ గారి స్లైడ్‌లో మా అమ్మ ఇంకా భర్త షిఫ్ట్ కాపాడుకుంటూనే ఉంది, ఉండనీ. నేను ఇప్పుడు ఇంకేదో సర్వేలో ఉన్నాను, అవే గేట్లు తోస్తున్నాను. అన్నయ్య నాతో పొడి పొడిగా మాట్లాడతాడు. పెళ్ళిళ్ళలో కలిసిన చుట్టాలకి చెల్లెలు అమ్మ కోసం ఒక్క వారమైనా కూర్చోలేనందని చెబుతాడు. వాళ్ళు నా ముఖం కేసి చూస్తారు. అది నిజం కాదని చెప్పాలని ప్రతిసారీ నాలుక చివరికొస్తుంది. చెప్పను. చెబితే అమ్మ బయలుదేరాల్సి వస్తుంది.